ఇరవై ఏడు మెట్లు

గురువారం పొద్దున ఆరున్నరకి
పెరంబూరులో నఫ్తాలి గారి తలుపు కొడతాను.
తలుపు తీయడానికి ఆయనకి నాలుగు నిమిషాలు.
నా ఫారంలో ఆ నాలుగు నిమిషాలకి గడి లేదు.

రైలుపెట్టెల కర్మాగారంలో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టరు.
మోకాళ్ళు రెండూ అక్కడే అప్పజెప్పి వచ్చానంటాడు,
స్టోర్సు వాళ్ళు రసీదైనా ఇవ్వలేదంటాడు.
గుంటూరు యాస ఇంకా అరగలేదు.
మాత్రల డబ్బాలో మంగళవారం రాత్రిది అలాగే ఉంది.
"మర్చిపోయారా?"
"లేదమ్మా, దానికీ ఓ పూట సెలవిచ్చా."

మా ప్రార్థనాలయం
(మా అనేశాను, నాది కాదు)
మన్నడిలో కాగితాల గోదాము మీద అద్దె గది.
ఇరవై ఏడు మెట్లు. మధ్యలో మలుపు. పట్టుకోడానికి ఒకవైపే కమ్మీ.
మలుపు దగ్గర బల్బు నేనే మూడుసార్లు మార్పించాను.

పదిమంది మగవాళ్ళు కూడితేగాని
చెక్క బీరువాలోంచి తోరా చుట్ట బయటికి రాదు.
మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదట.
పది మాటల వాక్యం ఒకటుంది, తలకొక మాట.
నాలుగు వారాలుగా ఆ వాక్యం
తొమ్మిదో మాట దగ్గరే ఆగిపోతోంది.
పదో మాట నా పక్కన షేర్ ఆటోలో
సంచీలో శాలువా పెట్టుకుని ఊగుతోంది.

పోయిన వారం హమాలీలిద్దరిని పిలిచాను,
కుర్చీలో కూర్చోబెట్టి మోస్తామన్నారు.
ఆయన వాళ్ళకి టీ డబ్బులిచ్చి పంపేశాడు.
"రీములెత్తే చేతులమ్మా అవి. నేనింకా సరుకవలేదు."
పోనీ చుట్టనే కిందికి తెద్దామా అన్నాను.
ఆయన మొహం చూసి
ఆ మాట వెనక్కి మింగేశాను.
"అది మన దగ్గరికి రాదు. మనమే పోవాలి."

ఇవాళ ఒక్కో మెట్టూ.
చెయ్యి నా భుజం మీద ఉంది, బరువు మాత్రం వేయడు.
ఏడు. తొమ్మిది. పదకొండు.
మలుపులో కూలబడ్డాడు,
చెవి మిషను సవరించుకుంటూ:
"ఇక్కణ్ణించి వినబడుతుందిలే. మొదలెట్టమను."

పైకి పరుగెత్తి చెప్పాను.
మొదలైంది, ప్రార్థన కాదు, వాదన.
మెట్ల మీద మనిషి లెక్కలోకి వస్తాడా?
రాడు, గడప లోపలుండాలన్నాడు ఎజికీల్ అప్టేకర్.
కిటికీలోంచి తొంగిచూసినవాణ్ణి కూడా కలుపుకోవచ్చని
మా తాత చెప్పాడన్నాడు కొచ్చి ఎలియావు,
మొహం కనబడాలి, అంతే.
ఒకరు మరాఠీ, ఒకరు మలయాళం,
తిట్టుకోవడానికి మాత్రం అందరూ తమిళం.
ఫ్లాస్కులో టీ చల్లారింది.

వెనక బెంచీ మీద ఫ్లోరా పెన్కర్
ఉల్లిపొర లాంటి చేత్తో నన్ను గిల్లింది:
"నలభై ఏళ్ళుగా ఆ వాక్యం నేనూ లోపల చెప్పుకుంటున్నా.
ఒక్క మాటా నా మీద పడలేదు.
నువ్వు కూర్చో, కాళ్ళు లాగుతాయి."
నేను కూర్చోలేదు.

చివరికి తీర్పు: తలుపు బార్లా తీయాలి,
రెండు బెంచీలు జరపాలి, మొహం కనబడితే చాలు.
గుమ్మంలో వంగి చూశాను.
పంతొమ్మిదో మెట్టు మీద కూర్చుంటే కనబడుతుంది.
అంటే ఇంకా ఎనిమిది.
ఈ నెల నా జీతం ఆ ఎనిమిదికే.

దిగి ఆయన పక్కన కూర్చున్నాను.
దేవుడి మాట ఎత్తలేదు.
"బోగీ కింద బ్రేకు బ్లాకు మార్చడానికి ఎంతసేపు పట్టేది మీకు?"
"పదిహేడు నిమిషాలు. ఆ దైవసహాయానికి ఇరవై ఐదు."
చెబుతూ లేచాడు.
దైవసహాయం పోగొట్టిన స్పానర్ల గురించి చెబుతూ
మెట్టుకొక బోల్టు బిగిస్తూ ఎక్కాడు.

పంతొమ్మిది. శాలువా కప్పుకున్నాడు.
పైన తొమ్మిది తలలు వంగి చూశాయి,
రైలు దిగే చుట్టాన్ని వెతికినట్టు.
పదో మాట గట్టిగా పలికింది ఎజికీలే.
బీరువా కిర్రుమంది. చెవి మిషను కూత పెట్టింది.

నేను పద్దెనిమిదో మెట్టు మీద నిలబడ్డాను,
ఆయన వెనక్కి తూలితే పట్టుకోవడానికి.
కింద రీములు దించుతున్నారు.
దిగడం గురించి
ఇంకా ఎవరూ ఆలోచించలేదు.